గది చుట్టూ నమూనా రైలు లేఔట్: బల్ల, వైరింగ్, బీమాపై సలహా కావాలి

పచ్చజెండా

నమస్కారం. నేను హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, పదకొండేళ్లుగా ఇంజన్లూ పెట్టెలూ కూడబెట్టుకుంటున్నాను. ఇప్పటికి 14 ఇంజన్లు, 90కి పైగా పెట్టెలు ఉన్నాయి. ఇన్నాళ్లూ వీటిని 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న ఒక బల్ల మీద తిప్పుతూ వచ్చాను. ఇప్పుడు 3.6 మీటర్లకు 3 మీటర్ల గది ఒకటి పూర్తిగా ఈ పనికే కేటాయించుకునే వీలు కలిగింది. పాత బల్లను విప్పేసి, ఈసారి పదేళ్లయినా నిలిచే లేఔట్, అంటే పట్టాలూ దృశ్యాలూ కలిపిన నమూనా రైలు మార్గం, కట్టాలని నిశ్చయించుకున్నాను.

పాత బల్లతో పడిన ఇబ్బందులు ముందు చెబుతాను, ఎందుకంటే నా ప్రశ్నలన్నీ అక్కడి నుంచే పుట్టాయి. ఆ బల్ల రెండు వైపులా గోడకు ఆనుకుని ఉండేది. వెనక మూలలో సొరంగం పెట్టాను. పొడవాటి ప్రయాణికుల పెట్టెలు ఆ సొరంగం లోపలి వంపులోనే తరచూ పట్టా తప్పేవి. ఒక సాయంత్రం అక్కడ పడిపోయిన పెట్టెను తీయడానికి వంగి చేయి చాపినప్పుడు, ముందు లైనులో నిలబెట్టిన ఇంజన్‌కు మోచేయి తగిలి అది నేల మీద పడింది. ముందువైపు మెట్లు విరిగాయి, ఒక ఇరుసు వంగిపోయింది. ఇంటి సామానుకు బీమా ఉంది కదా అని సంస్థకు రాస్తే, పొరపాటున పడి పగిలిన వస్తువులకు ఆ పాలసీ వర్తించదని జవాబు వచ్చింది. ఆ పాలసీ కాగితాలను అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు.

నా ప్రశ్నలు మూడు. ఒక లైను మీదుగా మరో లైను దాటి వెళ్లేలా ఎత్తుపల్లాలతో లేఔట్ వేయాలని నా చిరకాల కోరిక; ఈ గదిలో అది సాధ్యమా? రెండోది, మామూలు 12 వోల్టుల డీసీ నుంచి డీసీసీ పద్ధతికి, అంటే పట్టా ద్వారానే ఒక్కో ఇంజన్‌కూ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతికి, మారుతున్నాను. పాత బల్లకు వాడిన సన్నని వైర్లనే మళ్లీ వాడవచ్చా? మూడోది, లేఔట్‌కూ బండ్లకూ కలిపి బీమా చేయించాలంటే విలువ ఎలా కట్టాలి, సంస్థను ఏమేమి అడగాలి?

పాతడిపో

పచ్చజెండా గారూ, మీ మొదటి ప్రశ్నకు మాత్రమే నేను జవాబు చెబుతాను. ఇప్పటికి మూడు లేఔట్లు కట్టాను, వాటిలో రెండింటిని విప్పేశాను. రెండుసార్లూ కారణం ఒకటే: పట్టా తప్పిన చోటికి నా చేయి అందలేదు.

ముందు వంపుల సంగతి చూద్దాం. మీ పెట్టెలు పడిపోవడానికి సొరంగం కారణం కాదు, అందులోని వంపు కారణం. 1.2 మీటర్ల బల్ల మీద అంచుల్లో కాస్త చోటు వదిలితే వంపు వ్యాసార్ధం 55 సెంటీమీటర్లు దాటదు. అసలు రైల్లో 26.4 మీటర్లుండే పెట్టె 1:87లో దాదాపు 30 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే మీ వంపు పెట్టె పొడవుకు రెండు రెట్లు కూడా లేదు. రెండు రెట్ల దగ్గర పెట్టెలు కొక్కేలను పక్కకు లాగుతాయి, వెనక్కి నెట్టినప్పుడు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మూడు రెట్లు, అంటే 90 సెంటీమీటర్లు ఇస్తే దాదాపు ఏ పెట్టె అయినా ముందుకూ వెనక్కూ నమ్మకంగా నడుస్తుంది. అలాగే కుడి వంపు అయిపోయిన వెంటనే ఎడమ వంపు మొదలుపెట్టకండి. రెండింటి మధ్య కనీసం ఒక పెట్టె పొడవు తిన్నని పట్టా ఉండాలి.

మీ గది గోడల వెంబడి, గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో, మూలల్లో 90 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక చుట్టు వేస్తే సుమారు 10.8 మీటర్ల లైను వస్తుంది. మీరు మధ్యలో నిలబడతారు, లేఔట్ మీ చుట్టూ ఉంటుంది. బల్ల వెడల్పు 45 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య ఉంచండి. మనిషి ఒరగకుండా పని చేయగలిగేది 75 సెంటీమీటర్ల లోపే, అది కూడా ముందు వరుసలో ఇళ్లూ చెట్లూ లేనప్పుడు. సొరంగం కావాలంటే పెట్టుకోండి, కానీ కొండను ఊడదీసి పక్కన పెట్టగలిగేలా చేయండి, లేదా కింది నుంచి చేయి దూర్చే సందు ఉంచండి.

ఇక ఎత్తుపల్లాలు. కింది లైనులో బండి తగలకుండా వెళ్లడానికి కావలసిన ఖాళీ, దాని పైన పలక మందం, పట్టా మందం కలిపితే కింది పట్టా నుంచి పై పట్టాకు సుమారు 10 సెంటీమీటర్ల తేడా కావాలి. 2 శాతం వాలులో 10 సెంటీమీటర్లు ఎక్కడానికి 5 మీటర్లు పడుతుంది, దిగడానికి మరో 5 మీటర్లు. వాలు మొదట్లోనూ చివరా ఒక్కసారిగా విరుపు రాకుండా ఉండేందుకు తలా అర మీటరు కలిపితే, గది చుట్టూ ఒక్క చుట్టే ఉన్న లైనులో స్టేషన్ కట్టడానికి చదునైన చోటే మిగలదు. వాలును 4 శాతానికి పెంచితే సగం దూరం సరిపోతుంది గానీ, పొడవాటి బండిని లాగే ఇంజన్ చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. వంపు కూడా తన వంతు బరువు వేస్తుంది: 90 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో వాలు, దాదాపు మరో 1 శాతం పెరిగినట్టే ఇంజన్‌కు అనిపిస్తుంది.

దీనికి మంచి ఉపాయం ఒకటి ఉంది. ఒక లైనునే 10 సెంటీమీటర్లు ఎక్కించకుండా, దాన్ని 5 ఎక్కించి, దాటబోయే లైనును 5 దించండి. అప్పుడు ఒక్కో వాలుకు రెండున్నర మీటర్లు చాలు. దీనికోసం బల్ల అంతటా ఒకే పలక పరచకూడదు. కింద చెక్క చట్రం కట్టి, పట్టా వెళ్లే దారికి మాత్రం 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను బద్దలుగా కోసి, నిలువు చెక్కల మీద కావలసిన ఎత్తులో నిలబెట్టాలి. ఆ నిలువు చెక్కలు 40 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఉంటే ప్లైవుడ్ కుంగదు. బిగించే ముందే చెక్కకు అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకు, రంగో వార్నిషో పట్టించండి. చెక్క తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. ఆ కదలికంతా చివరికి పట్టా మీదే తేలుతుంది.

మొత్తాన్ని ఒకటే ముక్కగా కట్టవద్దు. 1.2 మీటర్ల ముక్కలుగా చేసి బోల్టులతో కలపండి, తలుపులో నుంచి బయటికి పట్టాలి కదా. తలుపు ఎదురుగా ఎత్తి తీసే వంతెన తప్పదు. ఆ వంతెన తీసినప్పుడు రెండు వైపులా ఒక్కో మీటరు పట్టాకు కరెంటు దానంతట అదే ఆగిపోయేలా స్విచ్ పెట్టండి. అది లేకుండా నేను ఒక సంవత్సరం నడిపాను, అంచు దాకా వచ్చి ఆగిన ఇంజన్‌ను చూశాక ఆ రాత్రే బిగించాను.

టంకంచుక్క

వైర్ల గురించి నేను చెబుతాను. పాత సన్నని వైర్లను బల్ల కింద కరెంటు మోసే ప్రధాన లైనుకు వాడకండి. ఇది రుచులూ అభిరుచులకు సంబంధించిన సంగతి కాదు, అగ్నిప్రమాదానికి సంబంధించినది.

మామూలు డీసీలో ఒక ఇంజన్ ఒక ఆంపియర్ లోపే తీసుకుంటుంది. డీసీసీలో పట్టా మీద ఎప్పుడూ సుమారు 15 వోల్టులు ఉంటాయి, పట్టాకు కరెంటు అందించే బూస్టర్ 5 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. అంటే 75 వాట్లు. ఆ శక్తి ఒక చిన్న తీగ కొనలోనో, పట్టా తప్పిన ఇంజన్ చక్రం దగ్గరో చేరితే ప్లాస్టిక్ కరగడానికి ఎక్కువసేపు పట్టదు. అలా జరగకుండా బూస్టర్ షార్ట్ సర్క్యూట్‌ను గుర్తించి ఆగిపోవాలి. కానీ దారిలో నిరోధం ఎక్కువగా ఉంటే, అది షార్ట్ అని బూస్టర్‌కు తెలియదు. ఏదో పెద్ద బండి నడుస్తోందనుకుని కరెంటు ఇస్తూనే ఉంటుంది.

లెక్క చూడండి. బూస్టర్ నుంచి 10 మీటర్ల దూరానికి వెళ్లి రావడానికి 20 మీటర్ల రాగి తీగ కావాలి. 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో దాని నిరోధం 0.7 ఓమ్‌లకు దగ్గరగా ఉంటుంది. 5 ఆంపియర్ల దగ్గర మూడు వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 0.14 ఓమ్ మాత్రమే, పోయేది 0.7 వోల్టు. కాబట్టి బల్ల కింద రెండు రంగుల్లో 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలు ప్రధాన లైనుగా లాగండి. బూస్టర్‌ను గదికి ఒక చివర కాకుండా లేఔట్ మధ్యభాగంలో పెడితే దూరం సగం తగ్గుతుంది. మీ పాత సన్నని వైర్లు, ఈ ప్రధాన లైను నుంచి పట్టాకు ఎక్కే ముక్కలకు పనికొస్తాయి. అవి 30 సెంటీమీటర్లు దాటకూడదు. ప్రతి పట్టా ముక్కకూ ఒక జత వైరు ముక్కలు టంకం పెట్టండి. ఫిష్‌ప్లేట్లు, అంటే పట్టా ముక్కలను కలిపే చిన్న లోహపు పలకలు, పట్టాలను వరుసలో నిలబెట్టడానికే గానీ కరెంటు మోయడానికి కాదు; రెండేళ్లకు వాటి లోపల మసి పట్టి, బండి అక్కడ వెలుగు తగ్గించుకుని నిలబడిపోతుంది.

వైరింగ్ పూర్తయిన రోజున నాణెం పరీక్ష చేయండి. ఒక లోహపు నాణెం తీసుకుని లేఔట్‌లో మూడు అడుగులకు ఒక చోట రెండు పట్టాలకూ అడ్డంగా ఆనించండి. ఆనించిన ప్రతి చోటా బూస్టర్ తక్షణం ఆగిపోవాలి. ఒక్క చోట ఆగకపోయినా ఆ చోటు సరిచేసేదాకా ఇంజన్ పెట్టకండి. నేను కొత్తగా జోడించిన ఒక సైడింగ్‌లో (పక్క లైనులో) ఈ పరీక్ష మానేశాను. అక్కడ పాయింటు (బండి లైను మారే చోటు) మీద పట్టా తప్పిన ఇంజన్ కింద చక్రాల చట్రం ప్లాస్టిక్ మెత్తబడి ఇరుసు పక్కకు ఒరిగింది. వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

మరికొన్ని మాటలు. పాత డీసీ కంట్రోలర్‌నూ డీసీసీ బూస్టర్‌నూ ఎన్నడూ ఒకే పట్టాకు కలపవద్దు. లైను తిరిగి తన మీదికే వచ్చి కలిసే లూపు ఉంటే అక్కడ రెండు పట్టాలనూ రెండు చివరలా కోసి, దిశను దానంతట అది మార్చే పరికరం పెట్టాలి. ఇంటి కరెంటు బల్ల కిందికి రాకూడదు. గోడ సాకెట్ దగ్గర ఒకే ఒక్క స్విచ్ ఉండి, అది తీస్తే గదిలో లేఔట్‌కు సంబంధించినదంతా చల్లబడిపోవాలి. నడుస్తున్న లేఔట్‌ను వదిలి గది బయటికి వెళ్లవద్దు, గదిలో పొగ హెచ్చరిక పరికరం పెట్టండి. ఎండు గడ్డిలాంటి పొడి, నురుగు దిమ్మలు, చెక్క, ఇవన్నీ అంటుకునేవే.

పచ్చజెండా

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. 5 ఎక్కించి 5 దించే ఉపాయం నాకు తట్టనే లేదు. టంకంచుక్క గారూ, ఫిష్‌ప్లేట్లను నమ్మకూడదంటున్నారు కనుక అన్ని అతుకులకూ టంకం పెట్టేస్తే సరిపోతుందా?

టంకంచుక్క

వద్దండీ. వంపుల్లో అతుకులకు టంకం పెట్టండి, లేకపోతే అక్కడ పట్టా కోణంగా విరుగుతుంది. తిన్నని భాగాల్లో మాత్రం సందు వదలండి. నికెల్ సిల్వర్ పట్టా 10 మీటర్ల పొడవున, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే మూడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. దానికి పోయే చోటు లేకపోతే స్లీపర్ల నుంచి ఊడి పక్కకు ఉబ్బుతుంది. చల్లని రోజున పట్టాలు వేస్తుంటే ప్రతి సందులో మందపాటి అట్టముక్క పట్టేంత ఖాళీ ఉంచండి.

టంకం పెట్టేటప్పుడు తీగ కొననూ పట్టా బయటి అంచునూ విడివిడిగా ముందే టంకం పూసుకుని, ఆ తర్వాత రెండింటినీ ఆనించి రెండు మూడు సెకన్లు మాత్రమే వేడి చూపించండి. అతుకుకు రెండు వైపులా తడి దూది పట్టా మీద ఉంచితే స్లీపర్లు కరగవు. టంకం పట్టడానికి పూసే ఫ్లక్స్‌లో యాసిడ్ ఉన్నది వాడకండి, అది నెలల తర్వాత తీగను తినేస్తుంది. రోజిన్ ఉన్నది వాడండి.

మూడో ప్లాట్‌ఫారం

బీమా గురించి ఇంకా ఎవరూ రాయలేదు కనుక నా అనుభవం చెబుతాను. ఒక రాత్రి పై అంతస్తులో నీళ్ల పైపు పగిలి, నా లేఔట్‌లో మూడో వంతు తెల్లవారేదాకా తడిసింది. ప్లైవుడ్ పొరలు విడిపోయాయి, ఎనిమిది పాయింట్ల మోటార్లు చెడిపోయాయి, బల్ల కింద అట్టపెట్టెల్లో దాచిన 22 పెట్టెలు నీటిలో నానాయి. నష్టం లెక్కించడానికి సంస్థ తరఫున సర్వేయర్ వచ్చారు. మర్యాదస్తులే, కానీ నమూనా రైళ్ల గురించి వారికి ఏమీ తెలియదు, తెలియాలని ఆశించడమూ న్యాయం కాదు. ఆయనకు కావలసింది కాగితం.

బండ్లకు నా దగ్గర పట్టిక ఉంది: తయారీదారు, మోడల్ సంఖ్య, కొన్న తేదీ, కొన్న ధర, ఈ రోజు మళ్లీ కొనాలంటే పట్టే ధర, ఒక్కోదానికి రెండు ఫొటోలు, ఉన్నవాటికి రశీదు. వాటి క్లెయిమ్ పెద్దగా వాదన లేకుండా తేలిపోయింది. లేఔట్ దగ్గరే చిక్కొచ్చింది. అది దుకాణంలో దొరికే వస్తువు కాదు, నా చేతులతో కట్టినది. ప్లైవుడ్, పట్టాలు, మోటార్ల రశీదులు ఉన్నంత వరకు సొమ్ము వచ్చింది. నా ఆరేళ్ల శ్రమకు పాలసీలో విలువ రాసి లేదు కనుక దానికి ఏమీ రాలేదు. ఆ తర్వాత లేఔట్‌ను విడిగా ఒక అంశంగా పేర్కొని, సామాను ఖర్చుతో పాటు మరొకరి చేత తిరిగి కట్టిస్తే అయ్యే ఖర్చునూ కలిపిన మొత్తాన్ని ముందే ఒప్పుకునే పాలసీకి మారాను. కాబట్టి పచ్చజెండా గారూ, మీరు చట్రం కట్టే మొదటి రోజు నుంచే ప్రతి దశనూ ఫొటో తీయండి. దృశ్యాలు పరిచాక కింది వైరింగ్ ఎవరికీ కనబడదు.

విలువ తక్కువ రాయించి ప్రీమియం మిగుల్చుకుందామన్న ఆలోచన మాత్రం దయచేసి రానివ్వకండి. చాలా పాలసీల్లో సగటు నిబంధన ఉంటుంది. మీ సామాను అసలు విలువ 100 అనుకుందాం, మీరు 60కే బీమా చేశారు. 20 నష్టం జరిగితే మీకు 20 రాదు, అందులో అరవై శాతం, అంటే 12 మాత్రమే వస్తుంది. మొత్తం పోలేదు కదా, రాయించిన 60లోపే కదా నష్టం అని మనం అనుకుంటాం, నిబంధన అలా చూడదు. 90 పెట్టెలు పదకొండేళ్లలో కొన్నవి. పాత ధరలు కూడితే నేటి విలువ రాదు. ఏడాదికోసారి పట్టికను సవరించండి.

సంస్థను రాతపూర్వకంగా అడగాల్సినవి చెబుతాను. జవాబు కూడా రాతలోనే తీసుకోండి. కొత్త వస్తువు ధర ఇస్తారా, తరుగు తీసేసి ఇస్తారా? ఒక్కో వస్తువుకూ, మొత్తం సేకరణకూ పరిమితి ఎంత? పొరపాటున పడి పగిలితే వర్తిస్తుందా? మీ ఇంజన్ విషయంలో తేలింది ఇదే, చాలా చోట్ల దీన్ని అదనంగా కొనుక్కోవాలి. తయారీ ఆగిపోయిన మోడల్‌కు ఏ ధర ప్రమాణం? ఒక జట్టుగా అమ్మిన ఐదు పెట్టెల్లో ఒకటి పోతే ఒకదానికే ఇస్తారా, జట్టుకు ఇస్తారా? లేఔట్ ఇంటి నుంచి విడిగా ఉన్న షెడ్డులో ఉంటే నిబంధనలు మారతాయా? ఇల్లు చాలా రోజులు తాళం వేసి ఉంటే రక్షణ తగ్గుతుందా? ప్రదర్శనకు తీసుకెళ్తే దారిలోనూ అక్కడా వర్తిస్తుందా, చూడవచ్చినవారికి దెబ్బ తగిలితే ఆ బాధ్యత ఎవరిది?

మెల్లగా పట్టిన తేమ, ఎలుకలు, పురుగులు, ఎండకు వెలిసిన రంగు, అరుగుదల, ఇంజన్‌లో డీసీసీ ఆదేశాలు అందుకునే డికోడర్ దానంతట అది కాలిపోవడం లాంటివి సాధారణంగా మినహాయింపుల్లోనే ఉంటాయి. వాటికి బీమా మీద ఆధారపడలేం. బల్ల కింద సామాను నేలకు ఆనకుండా అరలో పెట్టండి. నా 22 పెట్టెలు పది సెంటీమీటర్లు పైన ఉండి ఉంటే తడిసేవి కావు. పట్టిక, ఫొటోల నకలు మరో ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో ఉంచండి, ఎందుకంటే ఇల్లు తగలబడితే బండ్లతో పాటు వాటి పట్టిక కూడా పోతుంది.

కూతపెట్టె

పాతడిపో గారి కొలతలన్నీ సరైనవే, కానీ గది మొత్తాన్ని ఒకేసారి కట్టమనడం దగ్గర నేను విభేదిస్తాను. ఒక గోడ వెంబడి రెండు ముక్కలు కట్టి, పట్టా, వైరింగ్, కాస్త దృశ్యం కూడా పూర్తి చేసి, నెల రోజులు బండ్లను ముందుకూ వెనక్కూ నడిపి చూడండి. తప్పులు రెండు ముక్కల్లోనే దొరికితే సరిదిద్దుకోవచ్చు, పన్నెండు ముక్కల్లో దొరికితే మనసు విరిగిపోతుంది.

ఆ నెలలో ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. బండి పట్టా తప్పిన ప్రతిసారీ ఏ పెట్టె, ఎక్కడ, ఏ దిశలో అని రాయండి. ఒకే చోట అన్ని బండ్లూ పడుతుంటే తప్పు పట్టాది. ఎన్ని చోట్లయినా ఒకే పెట్టె పడుతుంటే తప్పు చక్రాలది. పట్టా అయితే కళ్లు మూసుకుని గోరుతో అతుకు మీదుగా రాసి చూడండి, కంటికి కనబడని మెట్టు గోటికి తగులుతుంది. చక్రాలైతే రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి; హెచ్‌ఓలో అది 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే పాయింటులో చక్రం ఎక్కి దిగుతుంది. మీ 90 పెట్టెలనూ కొత్త లేఔట్ మీద పెట్టే ముందు ఒక్కసారి వరుసగా కొలిచి, ప్లాస్టిక్ చక్రాలున్నవాటికి లోహపు చక్రాలు వేయించుకుంటే పట్టా మీద నల్లటి మడ్డి బాగా తగ్గుతుంది.

శుభ్రం చేయడానికి గరుకు కాగితం వాడవద్దు, అది వేసిన గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. కరెంటు ఆపి, కిటికీ తెరిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నూనె విషయంలో పొదుపు పాటించండి: ఇరుసుకు సూది మొన మీద నిలిచేంత చుక్క చాలు, మిగిలినదంతా పట్టా మీదికి వస్తుంది.

పచ్చజెండా

మీ జవాబులు చదివాక ఈ ఉదయం గది నేల మీద పాత వార్తాపత్రికలు పరిచి, దారంతో 90 సెంటీమీటర్ల వంపులు గీశాను. తలుపు వైపు మూలలో కిటికీ రెక్క లోపలికి తెరుచుకుంటుందని అప్పుడే గమనించాను. బల్ల ఎత్తును 115 సెంటీమీటర్లకు తగ్గిస్తే అది తగలకుండా తిరుగుతుంది. కూతపెట్టె గారు చెప్పినట్టు తలుపుకు ఎదురు గోడ వెంబడి రెండు ముక్కలతో మొదలుపెడతాను. సొరంగం ప్రస్తుతానికి వద్దనుకున్నాను.

మూడో ప్లాట్‌ఫారం గారూ, మీ ప్రశ్నలన్నిటినీ ఉత్తరంగా రాసి సంస్థకు పంపాను. పట్టిక మొదలైంది, ఇప్పటికి ఇంజన్లు 14 పూర్తయ్యాయి, వాటిలో మూడింటికే రశీదులు దొరికాయి. మిగిలినవాటికి కొన్నప్పటి ఉత్తర ప్రత్యుత్తరాలు వెతుకుతున్నాను. సంస్థ జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.